మత్తు ఇంజక్షన్‌కు ముందు పురుగుమందు పేరు

ప్రశ్న: కొల్లేరు పక్క చేలో పురుగుమందు కొడుతూ మా తమ్ముడు పడిపోయాడు. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసేముందు మత్తిచ్చారు. అసలే ఊపిరాడనివాడికి మత్తు ప్రమాదం కాదా?
— ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: మత్తు లేకుండా గొట్టం వేస్తే రోగి పెనుగులాడతాడు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గొట్టం పడ్డాక ఊపిరి సంగతి యంత్రం చూసుకుంటుంది. ఇక ఏ మత్తు అన్నదే ముఖ్యం. ప్రొపొఫాల్ రక్తపోటును దించేస్తుంది. కీటమిన్ సాధారణంగా అంతగా దించదు. కండరాలు సడలడానికి తోడుగా ఇచ్చే సక్సినైల్ కోలిన్ ప్రభావం మామూలుగా పది నిమిషాల్లో తగ్గుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లో ఉంటే గంటలు పట్టవచ్చు. అప్పుడు వేరే మందు వాడతారు. అందుచేత 108 వాహనం రాగానే సిబ్బందికి పురుగుమందు పేరు చెప్పండి. డబ్బాను కవరులో చుట్టి వెంట పంపండి.