పాత కారు, కొత్త లైట్లు, ఎదుటివాడి కళ్ళు

గూడూరు అనగానే మా ఆఫీసులో అందరూ "ఓ, పెద్ద రైల్వే జంక్షన్ కదా, నెల్లూరు దగ్గర" అంటారు. కాదండీ బాబూ, మాది కర్నూలు జిల్లా గూడూరు. జంక్షనూ లేదు, సముద్రపు గాలీ లేదు. ఇటు కోడుమూరు, అటు ఎమ్మిగనూరు, ఇంకా ముందుకెళితే ఆదోని. చుట్టూ పత్తి, వేరుశనగ, నల్లరేగడి. ఈ పరిచయం ఎందుకంటే, నేను చెప్పబోయేది మా ఊరి రోడ్ల మీద, రాత్రిపూట, ఒక పాత అంబాసిడర్‌తో నేను చేసిన తెలివితక్కువ పని గురించి.

బండి మా తాత కొన్నది. 1978 మార్క్ 3. ప్రభుత్వం 2021లో తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటితేనే "వింటేజ్" కింద లెక్క, అప్పుడు నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కాబట్టి మాది చట్టం దృష్టిలో ఇంకా వింటేజ్ కాదు, మామూలు ముసలి కారు. అయినా వీఏ నంబరు బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ మాత్రమే రోడ్డెక్కించాలి. మా నాయన ఆ బండిలోనే ఆదోని మార్కెట్‌కి పోతాడు, పెళ్ళిళ్ళకి పోతాడు, రాత్రి పదింటికి తిరిగొస్తాడు. ఆయనకి అరవై దాటాయి. "చీకట్లో గుడ్డి దీపం పెట్టుకొని పోతున్నట్టుంది రా" అని ఫోన్లో అన్నప్పుడు నాకు భయమేసింది. మా రోడ్ల మీద వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, ఎద్దుల బండ్లు, పత్తి లోడుతో రోడ్డంత వెడల్పున పోయే లారీలు ఎన్నో మీకు తెలియంది కాదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని కదా, సమస్య వినగానే పరిష్కారం కొనేశాను. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు సెలవులకి వస్తుంటే, ఒక జత 7 అంగుళాల ఎల్ఈడీ హెడ్‌లైట్లు సూట్‌కేసులో పెట్టుకొని రమ్మన్నాను. అంబాసిడర్‌దీ, జీపుదీ, బుల్లెట్‌దీ అదే 7 అంగుళాల గుండ్రటి లైటు. అమెరికాలో 1940 నుంచి ప్రామాణికమైన సైజు అది, ప్రపంచమంతా పాకింది. వెనక మూడు కాళ్ళ ప్లగ్గు కూడా అదే. పాతది పీకి కొత్తది పెడితే అరగంట పని. పెట్టాం. వెలిగింది. పగలు చేసేసింది! నేను రెండు రోజులు కాలరెగరేసుకొని తిరిగాను.

మూడో రోజు రాత్రి కోడుమూరు నుంచి వస్తున్నాం. బండి నేనే నడుపుతున్నా, పక్కన నాయన. ఎదురుగా ఒక మొపెడ్, దాని మీద మొగుడూ పెళ్ళాం, కాళ్ళ దగ్గర ఏదో మూట. నేను పద్ధతిగా డిప్ చేశాను. అయినా ఆ బండి ఒక్కసారి అటూ ఇటూ ఊగి, రోడ్డు దిగి, పక్కన చేనులోకి పోయి పడింది. దిగి పరిగెత్తాం. దేవుడి దయవల్ల దున్నిన మెత్తటి నేల. ఆమెకి మోచెయ్యి గీరుకుపోయింది, ఆయనకి కాలు బెణికింది. అంతే. అదే చోట కల్వర్టు గోడ ఉండుంటే? ఆ ఆలోచన ఇప్పటికీ వదలదు.

ఆయన లేచి ముందు అన్న మాట: "ఏం సామీ, లైటు ఏసుకొని వస్తుండావా, సూర్యుణ్ని కట్టుకొని వస్తుండావా?"

నేను "డిప్ చేశానన్నా" అంటే నాయన నా చెయ్యి పట్టి ఆపాడు. ఇద్దర్నీ బండిలో ఎక్కించుకొని గూడూరులో కట్టు కట్టించి, ఇంట్లో దింపి వచ్చాం. దారిలో నాయన ఒక్కటే అన్నాడు. "మనకు కనపడింది సరే లేరా, వాని కండ్లు పోతే?"

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని చదివాను (కొనకముందు చెయ్యాల్సిన పని). అసలు తప్పు ఎక్కడంటే, అమెరికాలో బండ్లు రోడ్డుకి కుడి వైపు పోతాయి. అందుకని అక్కడి డిప్ లైటు కుడి పక్కకి ఎక్కువ దూరం, కాస్త పైకి కొడుతుంది. అటు వాళ్ళకి రోడ్డు అంచు, నడిచే మనుషులు, బోర్డులు ఉంటాయి. మనం ఎడమ వైపు పోతాం. మనకి కుడి పక్క ఉండేది ఎదురొచ్చేవాడి మొహం! అంటే నేను డిప్ చేసిన కొద్దీ పద్ధతిగా, ప్రతిసారీ, ఎదుటివాడి కళ్ళలోకే కొట్టాను. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ సరిపోయింది, కంపైల్ అయింది, రన్ కూడా అయింది. చేసే పని మాత్రం తప్పు. ఇలాంటి బగ్గే అన్నిటికంటే ప్రమాదం, ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి.

మర్నాడు ఎమ్మిగనూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎల్ఈడీలు పీకించి, పాత లైట్లు పెట్టించి, మల్టీమీటర్ తీశాడు. ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర చూస్తే 13.8 వోల్టులు. హెడ్‌లైటు బల్బు దగ్గర చూస్తే 10.9! మిగతా మూడు వోల్టులు ఎక్కడికి పోయినట్టు? "దారి ఖర్చులు సార్" అన్నాడు భాయ్.

నిజంగా దారి ఖర్చులే. పాత అంబాసిడర్‌లో హెడ్‌లైటుకి రిలే ఉండదు. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు మొత్తం డాష్‌బోర్డు స్విచ్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఎడమ కాలి కింద ఉండే డిప్పర్ బటన్‌లోకి పోయి, మళ్ళీ ముందుకెళ్ళి బల్బుకి చేరుతుంది. నలభై ఏళ్ళు దాటిన సన్నటి వైరు, మసి పట్టిన స్విచ్చులు. ఇక తిరుగు ప్రయాణం, అంటే ఎర్త్, తుప్పు పట్టిన మడ్‌గార్డు రేకు గుండా. ప్రతి జాయింటూ టోల్ గేటే.

ఫిలమెంటు బల్బుతో ఒక చిక్కుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. వెలుగు సుమారుగా వోల్టేజీ 3.4వ ఘాతం ప్రకారం మారుతుంది. 13.8కి బదులు 10.9 అందితే, లెక్క వేసి చూడండి, రావాల్సిన వెలుగులో 45 శాతమే వస్తుంది. అంటే మా నాయన ఇన్నేళ్ళూ సగం లైటుతో నడిపాడు. బల్బు తప్పు కాదు, దారి తప్పు. సర్వర్ స్లోగా ఉందనగానే ప్రొఫైల్ చెయ్యకుండా ర్యామ్ పెంచమనే మేనేజర్లని మనం ఎంత తిట్టుకుంటాం? నేను చేసిందీ అదే పని.

భాయ్ చేసిన మందు చాలా చవక. రెండు రిలేలు, ఒకటి హైకి, ఒకటి డిప్‌కి. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి, లావు వైరుతో నేరుగా రిలేకి, అక్కణ్ణుంచి బల్బుకి. పాత స్విచ్చు ఇప్పుడు రిలేకి సైగ చేస్తుంది, అంతే, బరువు మొయ్యదు. దాని ఆయుష్షు కూడా పెరుగుతుంది. రెండు లైట్లకీ విడిగా ఎర్త్ వైరు. మళ్ళీ చూస్తే బల్బు దగ్గర 13.3 వోల్టులు. వెలుగు 45 నుంచి 88 శాతానికి! అదే బల్బు, అదే అద్దం.

అక్కడితో ఆగొచ్చు. కానీ మా పాత రిఫ్లెక్టర్ల వెండి పూత లేచిపోయింది కాబట్టి ఇంకో మెట్టు ఎక్కాం. ఎడమ వైపు ట్రాఫిక్ కోసం మన దేశంలోనే చేసిన 7 అంగుళాల గాజు లైట్లు, వాటిలో 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ బల్బులు. పాతవి 45/40 వాట్ల మామూలు ఫిలమెంటు. బయటినుంచి చూస్తే బండి మొహం ఏమీ మారలేదు, తాత చూసినా గుర్తుపట్టడు.

"100/90 వాట్లవి పెట్టుకోవచ్చు కదా, షాపులో దొరుకుతాయి" అంటారేమో. నేనూ అడిగాను. భాయ్ బానెట్ తీసి డైనమో చూపించాడు. ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఆ కాలం డైనమోలు ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు, అదీ ఇంజిన్ గట్టిగా తిరిగితేనే, ఐడిల్‌లో దాదాపు ఏమీ రాదు. హై బీమ్‌లో రెండు వంద వాట్ల బల్బులకే 16 ఆంపియర్ల పైన పోతుంది. ఇగ్నిషన్‌కి, టెయిల్ లైట్లకి, హారన్‌కి ఏం మిగులుతుంది? రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే బండి మళ్ళీ స్టార్ట్ కాదు. ఆ వేడికి పాత హోల్డర్లు కరుగుతాయి కూడా.

ఇంక పాత గాజు లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చే ఫ్యాషన్ గురించి. హెచ్4 బల్బులో డిప్ ఫిలమెంటు కింద ఒక చిన్న రేకు దొన్నె ఉంటుంది. అది వెలుగుని రిఫ్లెక్టర్ పై సగానికే పంపుతుంది, అందుకే రోడ్డు మీద వెలుగు ఒక గీత గీసినట్టు కిందనే ఆగుతుంది. ఆ రిఫ్లెక్టర్ వంపు, గాజు మీది గీతలు అన్నీ ఫిలమెంటు ఉండే చోటుని మిల్లీమీటర్ల లెక్కన నమ్ముకొని చేసినవి. ఎల్ఈడీ బల్బులో చిప్పులు ఒక పలక మీద అటొకటి ఇటొకటి ఉంటాయి. చోటు మారితే గీత చెదురుతుంది. మనకి ముందర తెల్లగా, ఘనంగా కనపడుతుంది, దూరం మాత్రం అంతగా కనపడదు. ఎదుటివాడికి మన బండి తప్ప ఇంకేమీ కనపడదు.

"అందరూ పెట్టుకుంటున్నారు, నేనొక్కణ్ణే గుడ్డి దీపంతో తిరగాలా?" ఇది నాకు బాగా తెలిసిన వాదన, ఎందుకంటే నేనే చేశాను. కానీ ఇది ఎక్కడిదాకా పోతుందో చూడండి. ఎదుటివాడి లైటు నా కళ్ళలో కొడితే నేను ఇంకా పెద్దది పెడతాను, నాది చూసి ఇంకొకడు. చివరికి రోడ్డు మీద అందరి దగ్గరా సూర్యుళ్ళుంటారు, ఎవడికీ ఏమీ కనపడదు. అందులో మొదట చేనులో పడేది కార్లో ఏసీ వేసుకున్న మనం కాదు, మొపెడ్ మీద పోయేవాడు. పైగా వయసు పెరిగేకొద్దీ కళ్ళు మిరుమిట్ల నుంచి తేరుకోడానికి ఎక్కువ సమయం పడుతుంది. నేను మా నాయన కోసం కొన్న లైటే, ఎదురుగా మా నాయన వయసు మనిషి వస్తే ఆయన్ని గుడ్డివాణ్ణి చేస్తుంది.

చట్టంలో ఇది లేక కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 106వ రూల్ ఇదే చెబుతుంది. లైటు కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు కిందికి వంచగలిగేట్టు ఉండాలి, 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్ళని మిరుమిట్లు గొలపకూడదు. మీటరున్నర ఎత్తంటే ఏమిటి? సుమారుగా ఆ మొపెడ్ మీద కూర్చున్న మనిషి కళ్ళు. ఒకప్పుడు హెడ్‌లైటు పై భాగానికి నల్ల రంగు పూసేవాళ్ళు, గుర్తుందా? మోటు పద్ధతే, కానీ ఉద్దేశం మంచిది.

పాత కార్ల అభిమానుల్లో ఇంకో వర్గం ఉంది. "ఒరిజినల్ మీద చెయ్యి వెయ్యకూడదు, వైరు కూడా మార్చకూడదు" అంటారు. ప్రదర్శనలో పెట్టే బండికైతే ఒప్పుకుంటాను. రాత్రిపూట పత్తి ట్రాక్టర్ల మధ్య తిరిగే బండికి సగం లైటు ఉండటం సంప్రదాయం కాదు, ప్రమాదం. కనపడకుండా రెండు రిలేలు దాచిపెడితే చరిత్రకి ఏ నష్టమూ రాదు.

కాబట్టి మీ ఇంట్లో పాత ఫియట్టో, అంబాసిడరో, జీపో ఉంటే నా సలహా ఈ వరసలో: ముందు మల్టీమీటర్‌తో కొలవండి. తర్వాత రిలే, ఎర్త్ బాగు చెయ్యండి. తర్వాత రిఫ్లెక్టర్ చూడండి. బల్బు ఆఖరున. ఏం చేసినా, గోడ ముందు నిలబెట్టి లైటు సరిచెయ్యకుండా రోడ్డెక్కకండి. చదునైన నేల మీద గోడకి ఏడున్నర మీటర్ల దూరంలో బండి పెట్టి, లైటు మధ్య ఎత్తు గోడ మీద గీసి, డిప్ వెలుగు గీత దానికి 7, 8 సెంటీమీటర్లు కిందకి ఉండేట్టు స్క్రూ తిప్పండి. వెనక సీట్లో నలుగుర్ని కూర్చోబెట్టి చూడండి (మన అంబాసిడర్‌లో నలుగురే ఎక్కుతారా అని అడక్కండి :)). పాత కమాను పట్టీలు కిందికి దిగి బండి ముక్కు పైకి లేస్తుంది, దాంతో లైటూ లేస్తుంది.

అమెరికా లైట్లు అటక మీద ఉన్నాయి. అమ్మితే డబ్బులొస్తాయి, కానీ కొన్నవాడు వాటిని ఏ రోడ్డు మీద వెలిగిస్తాడో తెలిసి అమ్మబుద్ధి కావడం లేదు. మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు నాయన నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. దూరంగా ఎదురు లైటు కనపడగానే ఆయన ఎడమ కాలు డిప్పర్ మీద పడింది. ఆ బండి దాటాక మళ్ళీ తీశాడు. "ఇప్పుడు కనపడుతోందా నాయనా?" అని అడిగాను.

"నాకు కనపడుతోంది. వానికీ కనపడుతోంది, చూడు, నేరుగా పోతుండాడు" అన్నాడు.