తూకంలో తగ్గా... తోటలో దొరికిపోయా!

పోయినేడాది మే నెలలో ఆగిరిపల్లిలో బస్సు దిగేసరికి నా ఒంట్లో రెండే ఉన్నాయి. ఒకటి ఆకలి, రెండోది గర్వం. గర్వం ఎందుకంటారా? పది వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాను మరి! 78 నుంచి 69కి. రోజుకి 1200 క్యాలరీలు, ఉదయం గంట పరుగు, రాత్రికి కీరా ముక్కలు. హైదరాబాద్ రూమ్‌లో నన్ను చూసి ఫ్రెండ్స్ అంతా ‘మామా, సూపర్’ అన్నారు.

అమ్మ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. “ఏరా, అక్కడ అన్నం పెట్టట్లేదా నీకు?” అంది. నేను స్టైల్‌గా ఫోన్ తీసి ‘బిఫోర్, ఆఫ్టర్’ ఫొటోలు చూపించా. కాసేపు అటూ ఇటూ చూసి, “రెండిట్లోనూ పొట్ట అలాగే ఉందిగా. మొహమే పీక్కుపోయింది” అంది.

మండింది. కానీ నిజం. చేతులు సన్నబడ్డాయి, బుగ్గలు లోపలికి పోయాయి. బొడ్డు చుట్టూ ఉన్న టైరు మాత్రం ‘నేనెక్కడికీ రాను’ అని కూర్చుంది.

అసలు పరువు పోయింది మర్నాడు తోటలో. బంగినపల్లి కోత నడుస్తోంది. చిక్కంతో కోసిన కాయలు ట్రేల్లో సర్దుతున్నారు. నిండు ట్రే అంటే ఇరవై కిలోల పైమాటే. పదేళ్లుగా సెలవులకొచ్చినప్పుడల్లా మోస్తున్నదే కదా అని పట్టుకున్నా. మొదటిది ఎలాగో బండి దాకా వెళ్లింది. మూడోదానికి మోకాళ్లు వణికాయి. ఐదోది కింద పెట్టేసి చెట్టుకి ఆనుకున్నా, కళ్ల ముందు చుక్కలు. యాభై ఎనిమిదేళ్ల మా నాన్న వచ్చి ఆ ట్రే ఎత్తుకుని, “వదిలెయ్‌రా, నడుం పట్టుద్ది” అని వెళ్లిపోయారు.

తిట్టుంటే బాగుండేది.

ఆ తొమ్మిది కిలోల్లో ఏం పోయింది?

ఆ రాత్రి మేడ మీద పడుకుని లెక్కలేశా. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలుంటాయి. నా ఒంటికి రోజుకి దాదాపు 2200 కావాలి, నేను తిన్నది 1200. వెయ్యి లోటు. పది వారాలకి తొమ్మిది కిలోలు. లెక్క అద్దంలా సరిపోయింది కదా అనుకుంటాం. కానీ పోయినదంతా కొవ్వేనని ఎవరు చెప్పారు?

తిండి మరీ తగ్గిపోయి, అందులో ప్రొటీన్ లేక, బరువులెత్తే పని కూడా లేకపోతే ఒళ్లు కండని కూడా కరిగించుకుంటుంది. వాడని కండని మేపడం దానికి దండగ ఖర్చు. కండతో పాటు అందులో దాచుకున్న గ్లైకోజెన్, దాన్ని పట్టుకున్న నీరు కూడా పోతాయి. వెయింగ్ మెషీన్‌కి ఈ తేడాలేవీ తెలియవు. ముల్లు కిందికి దిగితే చాలు, మనం పండగ చేసుకుంటాం.

మరి పొట్ట ఎందుకు పోలేదు? మా ఊళ్లో చెరువు ఎండడం చూసినోళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. గట్టు వైపు నీళ్లు ముందు పోతాయి. లోతు గుంటలో నీళ్లు చివరి దాకా ఉంటాయి. ఆ గుంట దగ్గరే నిలబడి బిందెతో తోడినా చెరువంతా తగ్గితేనే గుంట తగ్గుతుంది. మగాళ్లలో చాలామందికి ఆ గుంట పొట్ట దగ్గర, ఆడవాళ్లలో చాలామందికి తుంటి, తొడల దగ్గర. రోజుకి రెండొందల క్రంచెస్ కొట్టినా పొట్ట కండ గట్టిపడుతుందేగానీ, దాని మీది కొవ్వు ప్రత్యేకంగా కరగదు.

సన్నగా ఉన్నా కొవ్వే

మన వాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. 2004లో ‘లాన్సెట్’లో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండడం మన దేశంలో మామూలే. అందుకే మనకి నడుం కొలత హద్దు కూడా తక్కువే పెట్టారు. మగాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80.

ఇది చదువుతుంటే నాకు నా పొట్టకన్నా నాన్న గుర్తొచ్చారు. ఆయన బరువు 62 కిలోలే. ఎవరూ లావని అనరు. కానీ చొక్కా కింద చిన్న పొట్ట ఉంది, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఆ ఏడాదే డాక్టర్ ‘షుగర్ బోర్డర్‌లో ఉంది’ అన్నాడు. ట్రేలు ఎత్తే చేతులు ఇంకా గట్టివే. కానీ కింద కూర్చుని కాయలు ఏరి లేచేటప్పుడు నేల మీద చెయ్యి ఆనిస్తున్నారు. అడిగితే “వయసురా” అన్నారు. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని దాచుకునేది కండే. అది తగ్గిపోతుంటే గోదాం చిన్నదైపోతున్నట్టే. అంటే కండ సెల్ఫీ కోసం కాదన్నమాట!

కంచం మార్చాం, కడుపు మాడ్చలేదు

అప్పట్నుంచి నేను చేసింది మూడు పనులు. లోటు చిన్నది పెట్టుకున్నా. తగ్గిన బరువుకి నాకు రోజుకి 2000 పైచిలుకు సరిపోతాయి. 1800 తిన్నా. రెండోది ప్రొటీన్. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలు. బరువులెత్తేవాళ్లకి దాదాపు 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపించిందని, అది దాటాక పెద్దగా లాభం లేదని 2018లో 49 ప్రయోగాల్ని కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. అంటే నాకు 110 గ్రాములు. డబ్బాలు కొనలేదు. కండ కోసం ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దని 2024 మార్గదర్శకాల్లో ఎన్‌ఐఎన్ కూడా చెప్పింది. వంటింట్లోనే సరిపెట్టా:

నాలుగు గుడ్లు – 24 గ్రాములు
ఎముకల్లేని చికెన్ 150 గ్రాములు – 33
మీల్‌మేకర్ 40 గ్రాములు – 20
గుప్పెడు కందిపప్పుతో గట్టి పప్పు – 11
పెద్ద కప్పు పెరుగు – 10
గుప్పెడు వేరుశనగలు – 7
అన్నం, ఇడ్లీల నుంచి – 8 దాకా

చికెన్ లేని రోజు మీల్‌మేకర్, పప్పు పెంచేవాణ్ణి. అన్నం మానలేదు. ఒకప్పుడు ఒక్క పూటే అరకిలో అన్నం లాగించేవాణ్ణి. అది 650 క్యాలరీలు, ప్రొటీన్ 13 గ్రాములే. అందులో సగం తీసి పప్పు, కూర రెట్టింపు చేశా. అమ్మ మొదట్లో “పప్పులో అన్నం కలుపుకుంటావా, అన్నంలో పప్పా?” అని వెక్కిరించింది.

మరి మామిడిపండో? నూజివీడు సీమలో పుట్టి మే నెలలో పండు మానేయమంటే అది డైట్ కాదు, శిక్ష. పావుకిలోకి కాస్త తక్కువ, అంటే 200 గ్రాముల కండ తింటే సుమారు 120 క్యాలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలోనూ అంతే. మనం పండుని తిడతాం, ఆవకాయ మీద తేలే నూనెని మాత్రం ముద్దలో కలిపేసుకుంటాం! నేను రోజుకో పండు తిన్నా, లెక్కలో రాసుకున్నా. నాన్నకి మాత్రం సగం చెక్క, అదీ ఆ పూట అన్నం తగ్గించి. షుగర్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు తిండి మార్చే ముందు డాక్టర్ని అడగండి.

మూడోది బరువులు. వారానికి మూడు రోజులు. గుంజీళ్లు, పుషప్‌లు, నీళ్ల బాటిళ్లు పేర్చిన మామిడి ట్రే. పది కిలోలతో మొదలెట్టి వారానికో బాటిల్ పెంచుతూ పోయా. పరుగు మానేసి సాయంత్రాలు నడక. ఊళ్లో ఉంటే శోభనాచలం కొండ వైపు. రాత్రి ఏడు గంటల నిద్ర.

నాలుగు నెలలకి బరువెంత తగ్గిందో తెలుసా? రెండు కిలోలు. అంతే! పాత నేనైతే ఏడ్చేవాణ్ణి. కానీ నడుం 36 అంగుళాల నుంచి 33కి వచ్చింది. కొవ్వు పోతూ, పోయిన కండ తిరిగొస్తుంటే మెషీన్ ముల్లు పెద్దగా కదలదు. టేపు కదులుతుంది. అందుకే వారానికోసారి నడుం కొలవండి. నెలకోసారి ఎంత బరువు ఎత్తగలుగుతున్నారో రాసుకోండి. రోజూ పొద్దున్నే మెషీనెక్కి మూడ్ పాడు చేసుకోకండి.

నాన్నకి ఇంత హంగామా లేదు. రోజూ రెండు గుడ్లు, పెరుగు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, పొద్దునా సాయంత్రం. మొదటి వారం నాలుగుకే “ఇంక నావల్ల కాదు” అన్నారు. అమ్మ పక్కన నిలబడి లెక్కపెట్టేది. ఇప్పుడు తనూ చేస్తోంది, అడక్కుండానే.

మొన్న మళ్లీ కోతకి వెళ్లా. ఐదో ట్రే దాటింది, పదోది దాటింది. నాన్న కింద కూర్చుని కాయలు ఏరుతున్నారు. చూడనట్టే చూస్తున్నా. పని అయ్యాక చెయ్యి నేలకి ఆనించకుండానే లేచారు. నా వైపు చూసి, “ఏంటి చూస్తున్నావ్? ఇంకోటి పట్టు” అన్నారు.

ఈ ఏడాది ‘ఆఫ్టర్’ ఫొటో తియ్యలేదు. చేతులు ఖాళీ లేవు!