సంతకం పెట్టకముందే నిలదీయండి

అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ ఆడాలని ఉవ్విళ్లూరుతున్న పిల్లలకు, శని ఆదివారాలు వాళ్ల వెంట మైదానాల చుట్టూ తిరుగుతున్న అమ్మానాన్నలకు ఇది హెచ్చరిక. ఫోన్‌లో కోచ్ చెప్పిన తీపి మాట నమ్మి సంతకం పెట్టేయకండి. కొన్నేళ్ల కిందటి దాకా ఈ ఆటను నడిపిన నియమాలు ఇప్పుడు లేవు. జట్టులో చోట్లు తగ్గాయి. పోటీపడేవాళ్ల వయసు పెరిగింది. హామీ ఇచ్చిన కోచ్ మీ అబ్బాయి చేరేనాటికి అక్కడే ఉంటాడన్న భరోసా లేదు. ఇన్ని మారినా నిర్ణయం కోచ్‌దిగా, నష్టం కుర్రాడిదిగానే మిగిలింది. ఆ నష్టానికి జవాబు చెప్పేదెవరో చేరకముందే తేల్చుకోవాలి.

ముందు చోట్ల లెక్క చూడండి. 2025 జూన్ 6న ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్, కాలేజీ క్రీడాకారులకు డబ్బు చెల్లింపుల మీద నడిచిన ‘హౌస్’ కేసులో రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 బేస్‌బాల్ జట్టుకు ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్‌లు. వాటినే జట్టులో చాలామందికి పంచేవారు. అందుకే పూర్తి స్కాలర్‌షిప్ దొరికినవాడు అరుదు, పావో సగమో దక్కినవాళ్లే ఎక్కువ. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు ఇప్పుడా పరిమితి పోయింది. తలచుకుంటే జట్టులో అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. వినడానికి శుభవార్తే. అయితే ఇచ్చి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు. క్రీడాకారులకు నేరుగా పంచేందుకు ఒక్కో యూనివర్సిటీకి తొలి ఏడాది అనుమతించిన మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతోంది. బేస్‌బాల్‌కు మాత్రం కోత తప్పలేదు. కొవిడ్ తర్వాత 40 మంది దాకా ఉన్న జట్టు ఆ యూనివర్సిటీల్లో 34కు కుదించుకుపోయింది.

ఉన్న ఆ 34 చోట్ల కోసం ఎగబడేవాళ్లు పెరిగారు. ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌ను 2020లో 40 రౌండ్ల నుంచి 5కు కోసేశారు. 2021 నుంచి 20 దగ్గర ఆపారు. ఒకప్పుడు ప్రొఫెషనల్ జట్ల వైపు వెళ్లిపోయే కుర్రాళ్లు చాలామంది ఇప్పుడు కాలేజీలోనే ఉంటున్నారు. దీనికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తోడైంది. 2018లో మొదలైన ఆ పోర్టల్ ద్వారా, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా జట్టు మారి వెంటనే ఆడవచ్చని 2024లో అనుమతించారు. గెలిస్తేనే ఉద్యోగం నిలిచే కోచ్ ఎవరిని ఎంచుకుంటాడు? ఇప్పటికే 150 కాలేజీ మ్యాచ్‌లు ఆడిన ఇరవై రెండేళ్లవాణ్ణా, నిన్న హైస్కూల్ దాటిన పద్దెనిమిదేళ్లవాణ్ణా?

ఇక రిక్రూటింగ్. ఒకప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి ‘కమిట్’ అయ్యామని ప్రకటించుకునేవారు. 2023 ఏప్రిల్‌లో ఆ తంతుకు కళ్లెం పడింది. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ సంభాషణ జరపకూడదు. మంచి నియమమే. కానీ ఆ తేదీ తర్వాత ఇచ్చిన నోటి హామీకి కూడా కట్టుబడాల్సిన పని ఎవరికీ లేదు. ఫలానా యూనివర్సిటీలో చేరతామని సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024 అక్టోబరులో ఎత్తేశారు. దాని స్థానంలో చేతికందే పక్కా కాగితం ఆర్థిక సహాయ ఒప్పందమే. నోటి హామీ అంటే ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు. బలమైనవాడెక్కి కూర్చుంటే తువ్వాలు తీసుకుని లేవాల్సిందే. అవసరానికి మించి కుర్రాళ్లను పిలిచి, ఆగస్టు నుంచి సాధన చేయించి, జాబితా ఖరారు చేసే డిసెంబరు గడువుకు ముందు కొందర్ని పక్కనపెట్టే కోచ్‌లున్నారు. అప్పటికి ఒక సెమిస్టరు ఫీజు కట్టేసి ఉంటారు. మనం వద్దనుకున్న ఇతర కాలేజీల ఉత్తరాలు ఎప్పుడో చెత్తబుట్టలో పడి ఉంటాయి.

కోచ్‌లు నిలకడగా ఉంటారా అంటే అదీ లేదు. 2024 జూన్ 24న ఒమాహాలో కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్లో టెన్నెసీ చేతిలో టెక్సస్ ఎ అండ్ ఎం ఓడింది. ఆ రాత్రి వేరే ఉద్యోగం సంగతి అడిగిన విలేకరి మీద ఎ అండ్ ఎం కోచ్ జిమ్ ష్లాస్‌నాగల్ విరుచుకుపడ్డారు. మర్నాడే బద్ధశత్రువు లాంటి టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. ఆ ఏడు టైటిల్ గెలిచిన టెన్నెసీ కోచ్ టోనీ విటెల్లో 2025 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మేనేజర్‌గా వెళ్లారు. మెరుగైన కొలువు దొరికినప్పుడు మారడం నేరం కాదు. అయితే కోచ్‌ను చూసి యూనివర్సిటీని ఎంచుకున్నవాడికి ఇది చాలు గుణపాఠం.

కుర్రాడికీ పోర్టల్ ఉంది కదా అనవచ్చు. బయటకు పోయే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన మరో ఇంట్లో చోటు ఉండాలని లేదు. పోర్టల్‌లో పేరిచ్చి ఎక్కడా పిలుపు రాని పిల్లలు ఏటా మిగిలిపోతున్నారు. చదువు దెబ్బ వేరు. డివిజన్ 1లో ఆడాలంటే మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60 శాతం పూర్తయి ఉండాలి. కాలేజీ మారిన ప్రతిసారీ కొన్ని క్రెడిట్లు చెల్లకుండా పోతాయి. ఇంజనీరింగ్ చదువుతున్నవాడికి ఇది మరీ ప్రమాదం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మోచేతికి. వ్యూహం మీద అభిమానులు గొంతులు చించుకుంటారు: బంట్ ఎందుకు ఆడించాడు, ఆ బ్యాటర్‌ను ఎందుకు మార్చలేదు అని. బంట్ తప్పితే పోయేది ఒక పరుగు, మహా అయితే ఒక ఆట. పిచర్‌ను సమయానికి దించకపోతే పోయేది చెయ్యి. 2009 మే 30న ఆస్టిన్‌లో టెక్సస్, బోస్టన్ కాలేజ్ 25 ఇన్నింగ్స్ ఆడాయి. ఏడు గంటలకు పైగా సాగిన ఆ ఆటలో మధ్యలో బంతి అందుకున్న టెక్సస్ పిచర్ ఆస్టిన్ వుడ్ 13 ఇన్నింగ్స్‌లో 169 బంతులు వేశాడు. టెక్సస్ 3-2తో గెలిచింది, అతణ్ణి వీరుడన్నారు. తర్వాత మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన ‘పిచ్ స్మార్ట్’ సూచనల ప్రకారం 19 నుంచి 22 ఏళ్లవాళ్లకు రోజుకు గరిష్ఠం 120 బంతులు. ఇది సలహా మాత్రమే. హైస్కూళ్లలో రాష్ట్రాలు బంతుల పరిమితి పెట్టాలని 2017 నుంచి నిబంధన ఉంది. కాలేజీకి వచ్చేసరికి తప్పనిసరి పరిమితే లేదు. పైగా డగౌట్‌లో కూర్చుని ఎలక్ట్రానిక్ పరికరం ద్వారా ఏ బంతి వేయాలో చెబుతున్నది చాలాచోట్ల కోచే. బంతి బంతికీ ఆజ్ఞ ఇచ్చేవాడు బంతుల లెక్కకు జవాబు చెప్పకపోతే ఎలా?

‘నేను ఇంకా వేయగలను’ అని కుర్రాడే అంటాడు. అనకపోతే చోటు పోతుందని భయం. అందుకే ఆ మాటను అంగీకారంగా లెక్కించకూడదు. చెయ్యి అలసిపోయినా తరచూ బంతులు వేసిన కుర్ర పిచర్లకు శస్త్రచికిత్స ముప్పు 36 రెట్లు ఎక్కువని అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2006లోనే తేల్చారు. ప్రతి బంతినీ పూర్తి బలంతో, అత్యధిక వేగంతో వేయాలన్న యావే గాయాలకు ముఖ్య కారణంగా కనిపిస్తోందని మేజర్ లీగ్ 2024 డిసెంబరు నివేదిక చెప్పింది. మోచేతి లిగమెంటుకు చేసే ‘టామీ జాన్’ శస్త్రచికిత్స నుంచి కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నాలుగేళ్ల కాలేజీ ఆటలో అది పావు వంతో, అంతకు మించో.

తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ కథ మన పిల్లలకు తెలుసు. వాండర్‌బిల్ట్ తరఫున 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిటర్ వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుని, 60 లక్షల డాలర్లకు మాట కుదిరాక, వైద్యపరీక్షలు చూసి వెనక్కి తగ్గింది. భుజానికి శస్త్రచికిత్స, 2022లో టెక్సస్ రేంజర్స్ ఎంపిక, 2023లో టామీ జాన్... చివరికి 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్ మెట్టెక్కాడు. అంతటి ప్రతిభావంతుడి విషయంలోనే ఒక వైద్య నివేదిక లక్షల డాలర్ల మాటను చెరిపేసింది. మామూలు కుర్రాడి కోసం ఎవరు ఆగుతారు?

జవాబుదారీతనం మైదానంతో ఆగదు. 2023 ఏప్రిల్‌లో లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ)తో మ్యాచ్‌కు ముందు, తన ప్రధాన పిచర్ ఆడటం లేదన్న గుట్టును అలబామా కోచ్ బ్రాడ్ బోహానన్ ఒక బెట్టింగ్‌రాయుడికి చేరవేశారు. అతను సిన్సినాటిలో లక్ష డాలర్లు కాయబోతే సిబ్బందికి అనుమానం వచ్చి గుట్టు రట్టయింది. కోచ్ ఉద్యోగం పోయింది, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 15 ఏళ్ల ఆంక్ష విధించింది. కుర్రాడి ఆరోగ్య సమాచారం కూడా బజారు సరుకైందని గుర్తించండి. గాయం గురించి అన్నయ్య, బాబాయి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా ఇక మానాలి.

తెలుగు కుటుంబాలకు మరో మెలిక ఉంది. డాలస్ ఫ్రిస్కోలో, అట్లాంటా కమ్మింగ్‌లో మనవాళ్లు పిల్లల్ని ట్రావెల్ జట్లలో చేర్చి, వందల డాలర్లు పోసి, కోచ్‌ల ముందు ఆట చూపించే షోకేస్‌లకు తీసుకెళ్తున్నారు. షోకేస్ నడిపేది వ్యాపారం. ఆహ్వానం వచ్చినంత మాత్రాన ఎంపిక కాదు. పైగా తల్లిదండ్రుల మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి లేదు, 21 నిండితే ఆ హోదాయే పోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారినా క్యాంపస్ బయటి పని మీద గట్టి ఆంక్షలున్నాయి. స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డు లేదు. కానీ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు, యూనివర్సిటీ పంచే ఆదాయం వీసాకే ఎసరు పెట్టవచ్చు. తోటివాడు తీసుకున్నాడు కదా అని ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా సంతకం చేయవద్దు.

కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి:

ఒకటి, సహాయ ఒప్పందం ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? గాయపడినా, కోచ్ మారినా అది నిలుస్తుందా?

రెండు, యూనివర్సిటీ ‘హౌస్’ ఒప్పందంలో చేరిందా? ఈ ఏడు మొత్తం ఎంతమందిని పిలిచారు, గత రెండేళ్లలో ఎంతమందిని తీసేశారు?

మూడు, పిచర్ బంతులు, విశ్రాంతి రోజులు లెక్కించేదెవరు? కోచ్ కాదన్నా ఆపే అధికారం వైద్యుడికి ఉందా?

నాలుగు, ఆట గాయాలకు డివిజన్ 1 యూనివర్సిటీలు చదువు ముగిశాక కనీసం రెండేళ్లు వైద్యం చూడాలి. అది ఎలా అందుతుంది?

ఐదు, రేపు బేస్‌బాల్ ఆగిపోతే ఇదే కాలేజీలో, ఇదే ఫీజుకు చదవగలమా?

యూనివర్సిటీలు, ఎన్‌సీఏఏ చేయాల్సినవి ఇంకా పెద్దవి. చదువులో ప్రగతి రేటు ప్రకటిస్తున్నట్టే, ప్రతి జట్టు ఎంతమందిని పిలిచి ఎంతమందిని తీసేసిందో ఏటా బయటపెట్టాలి. పిచర్ బంతులకు తప్పనిసరి పరిమితి తేవాలి. డిసెంబరులో తీసేసిన పిల్లాడికి ఆ విద్యా సంవత్సరం సహాయం పూర్తిగా అందాలి.

అవి జరిగేదాకా ఆగే తీరిక పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు లేదు. ఈ వారమే ఐదు ప్రశ్నలూ కోచ్‌కు, అథ్లెటిక్ విభాగానికి ఈమెయిల్ చేయండి. స్కాలర్‌షిప్ లేకున్నా చదువు బలంగా ఉన్న డివిజన్ 3 కాలేజీలను, రెండేళ్ల జూనియర్ కాలేజీలను జాబితాలో ఉంచండి. రాతలో జవాబివ్వని కాలేజీ పేరు ఎంత పెద్దదైనా, మొహమాటపడకుండా కొట్టేయండి.