గొంతు కాదు, చెవి చూడండి

రిపీటరు సరిగా పలకడం లేదంటే మనవాళ్ళు మొదట చేసే పని పవర్ పెంచడం. నా దృష్టిలో ఇది తలకిందుల వైద్యం. జబ్బు తరచుగా దాని గొంతులో ఉండదు, చెవిలో ఉంటుంది.

మన పడమటి తాలూకాలనే తీసుకోండి. ఉదయగిరి నుంచి ఆత్మకూరు గాలిదారిన నలభై కిలోమీటర్ల పైమాటే. చేతిలో పట్టే ఐదు వాట్ల హామ్ సెట్టు నేలమీది నుంచి అంతదూరం అందదు. ఉదయగిరి దుర్గం కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. అలాంటి కొండమీద రిపీటరు పెడితే, 145.1 మెగాహెర్ట్జ్‌లో విన్న మాటను అదే క్షణంలో 145.7లో తిరిగి చెబుతుంది. ఒకే ఏరియల్‌తో వినాలి, పలకాలి. మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. తన పాతిక వాట్ల కేక పక్కనే మోగుతుండగా, మైక్రోవోల్టులో ఏ కొద్ది వంతో ఉన్న సిగ్నల్‌ను పట్టుకోవాలి. ఆ రెంటికీ నడుమ గోడ డూప్లెక్సర్. దాని ట్యూనింగు కాస్త జరిగినా, కేబుల్లోకి నీళ్ళు దిగినా, కనెక్టరు తుప్పు పట్టినా రిపీటరుకు చెవుడు వస్తుంది. అప్పుడు పవర్ పెంచితే చెవుడు ముదురుతుంది.

పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. ట్రాన్స్‌మిటర్ ఆపి రిసీవరుకు బలహీనమైన సిగ్నల్ ఇవ్వండి. తర్వాత ట్రాన్స్‌మిటర్ వేయండి. రొద పెరిగిందా, చెవుడున్నట్టే. ఏరియల్ కేబుల్ విప్పి, ఆ చోట డమ్మీ లోడ్ తగిలించి మళ్ళీ చూడండి. రొద పోతే తప్పు ఏరియల్‌దో కేబుల్‌దో. పోకపోతే డూప్లెక్సర్‌ను, లోపలి తీగలను అనుమానించాలి. ఇది తేల్చుకోకుండా స్క్రూలు తిప్పితే ఉన్న ట్యూనింగు కూడా పోతుంది.

సెల్‌ఫోన్లుండగా ఈ గొడవంతా ఎందుకంటారా? 2021 నవంబరులో పెన్న పొంగి మన జిల్లాలో రోడ్డూ రైలూ కూడా ఆగాయి. 2004 డిసెంబరు 26 సునామీ వేళ, భారతీ ప్రసాద్ గారి హామ్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి అండమాన్ కబుర్లు బయటికి చేరవేసింది. అక్కడ వాడింది రిపీటరు కాదు, దూరాలకు పలికే సెట్లు. అయినా నీతి ఒకటే: ఆపద వచ్చాక సిద్ధం చేసుకున్నది అక్కరకు రాదు.

రిపీటరు కొనడానికి చందాలు పోగవుతాయి. రిబ్బను కత్తిరించే పెద్దలూ దొరుకుతారు. తుపాన్ల కాలానికి ముందు కొండెక్కి కనెక్టరు విప్పి చూసేవాళ్ళే కరువు. మన విద్యార్థులు హామ్ లైసెన్సు పరీక్ష రాయాలి, ఏటా సెప్టెంబరులో ఈ పరీక్షలు చేసి, వచ్చిన అంకెలు ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఆ పుస్తకం ఖాళీగా ఉంటే, కొండమీద రిపీటరు ఉన్నా లేనట్టే.