కాలు వాచిన ప్రతిసారీ బోదకాలు కాదు

మేము రావులపాలెం చుట్టుపక్కల ఊళ్లలో రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్ల కుటుంబాలం, మందుల షాపులవాళ్లం, ఆశా కార్యకర్తలం. మేం కోరేది ఒక్కటే. రక్తనాళంలో గడ్డ కట్టించగల మందును రోగి చేతిలో పెట్టే రోజే, ఆ సంగతి తెలుగులో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. అన్ని చోట్లా చెప్పాల్సిన మాటే, గోదావరి జిల్లాల్లో మరీను. ఫైలేరియా తరతరాలుగా పాతుకుపోయిన నేల ఇది. కాలు వాచిందంటే ఇరుగుపొరుగు నోట ముందుగా వచ్చేది బోదకాలు మాటే. కాపడం పెడతారు, నూనె రాసి పిసుకుతారు, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయిస్తారు. బోదకాలు ఏళ్ల తరబడి పెరిగే జబ్బు. గడ్డవల్ల వచ్చే వాపు గంటల్లోనో రోజుల్లోనో తేలుతుంది, ఎక్కువగా ఒక్క కాలికే, పిక్కలో నొప్పితో. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే మనిషి దక్కకపోవచ్చు.

ఇది మా ఊహాగానం కాదు. ఎముక మూలుగలో పుట్టే మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు థాలిడోమైడ్, దాని తమ్ముడిలాంటి లెనలిడోమైడ్ వాడతారు, తోడుగా డెక్సామెథాసోన్ ఇస్తారు. ఒక పరీక్షలో డెక్సామెథాసోన్ ఒక్కటే వాడినవారిలో 4.9 శాతం మందికి సిరల్లో గడ్డలు కడితే, థాలిడోమైడ్ కలిపి వాడినవారిలో అది 22.5 శాతానికి చేరింది. అమెరికాలో థాలిడోమైడ్, లెనలిడోమైడ్ రెండింటి వివరపత్రాల్లోనూ ఆ హెచ్చరికను గడి కట్టి అచ్చువేస్తారు. పిల్లల ల్యుకేమియాలో వాడే ఆస్పరాజినేజ్‌ది మరో దారి: గడ్డకట్టడాన్ని అదుపులో పెట్టే ప్రోటీన్లను అది తగ్గిస్తుంది, ఒక్కోసారి మెదడు సిరల్లోనే గడ్డ కడుతుంది. ఆ పిల్లలకు విడవని తలనొప్పి వస్తే ఎండదెబ్బ అని ఊరుకోకూడదు. హైదరాబాద్ కంపెనీలైన నాట్కో, డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన లెనలిడోమైడ్ 2022 నుంచి అమెరికాలో అమ్ముడవుతోంది. అక్కడి రోగికి దాంతోపాటు మామూలు మాటల్లో రాసిన మందు గైడు అందుతుంది. మన రోగికి తెలుగు కాగితం అందడం అరుదు. ఇక్కడ తయారైన బిళ్లకు ఇక్కడి భాష ఎందుకు బరువైందో మాకు అర్థం కాదు.

భయపెడితే మందే మానేస్తారని కొందరు డాక్టర్లు అంటారు. చెప్పకుండా దాచినా భయం పోదు. మొదటి వాపుతోనే రోగి మందు పారేసి నాటువైద్యానికి వెళ్లే ప్రమాదముంది. ముందే తెలిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. ఇక రెండో అభ్యంతరం బరువైనదే. క్యాన్సర్ మందులతో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అలాంటప్పుడు రక్తం పల్చబడే మందిస్తే రక్తస్రావం కాదా? అవుతుంది. అందుకే అందరికీ ఒకే మందు ఇవ్వమని మేం అడగడం లేదు. తక్కువ ప్రమాదం ఉన్నవారికి ఆస్పిరిన్, ఎక్కువున్నవారికి హెపారిన్ ఇంజెక్షన్ వంటివి ఇచ్చే పద్ధతి ఉంది. వయసు, బరువు, పాత గడ్డలు, మంచాన పడి ఉండటం, ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి తేల్చాల్సింది డాక్టరే. ఆ లెక్క వేశారా లేదా అన్నది చీటీ మీద కనబడాలి. సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టడాన్నీ, ఉన్నది మానేయడాన్నీ మేం ఒప్పుకోం.

మా వంతు పనులూ ఉన్నాయి. మా షాపుల్లో ఈ మందులు కొన్న ప్రతి ఒక్కరికీ తెలుగు కాగితం ఇస్తాం. విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లే రోగికి మధ్యమధ్య లేచి నడవమని, డాక్టర్ వద్దనకపోతే నీళ్లు బాగా తాగమని చెబుతాం. ఆర్‌ఎంపీలకు మా విన్నపం: రక్త క్యాన్సర్ మందు వాడుతున్న మనిషి కాలు వాస్తే పిసకనివ్వకండి, సూది వేయకండి. అదే రోజు గడ్డను చూపే డాప్లర్ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పంపండి. ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే స్కాన్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.