పెట్టె చెబుతుంది... వినేవాళ్లుంటే!

జూరాల గేట్లు ఎత్తితే ఆ నీళ్లు బీచుపల్లికే వస్తాయి. ఎంత వదిలారో ముందే తెలిస్తే ఒడ్డునున్నవాళ్లు జాగ్రత్తపడతారు. వైఫైకీ అంతే... మొరాయించక ముందే కబురు అందాలి!

2016 కృష్ణా పుష్కరాలకు బీచుపల్లికి భక్తులు పోటెత్తారు. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటికి ఘాట్ల దగ్గర వైఫై పెట్టారనుకోండి. తప్పిపోయిన పిల్లాడి ఫొటో ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకు వెళ్లాల్సిన సమయంలో యాక్సెస్ పాయింట్... అంటే వైఫై సిగ్నల్ అందించే పెట్టె... ఆగిపోతే? ఆ సంగతి సిబ్బందికి ఎవరు చెప్పాలి?

ఎస్ఎన్ఎంపీ చెబుతుంది. పూర్తిపేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. 1988 నుంచీ ఉంది. ఎక్కడో ఉన్న కంప్యూటర్ ‘ఎలా ఉన్నావ్?’ అని అడుగుతుంటే, ఎంత డేటా వెళ్లిందో, ఎన్ని తప్పులు దొర్లాయో పెట్టె అంకెల్లో చెబుతుంది. 1995లో వచ్చిన ఎంఆర్‌టీజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిదు నిమిషాలకోసారి అడిగి గ్రాఫ్ గీస్తుంది. నిన్న ‘నలభై రోజులుగా పనిచేస్తున్నా’ అన్న పెట్టె ఇవాళ ‘పది నిమిషాలే’ అందంటే, మధ్యలో కరెంటు పోయి వచ్చిందనో, తనంతట తానే రీస్టార్ట్ అయిందనో అర్థం. జవాబే రాకపోతే మనిషిని పంపాల్సిందే!

అయితే ఓ చిక్కుంది. పాత వెర్షన్లలో రహస్యపదం చాలా పెట్టెల్లో ముందుగానే ‘పబ్లిక్’ అని ఉంటుంది. సెట్టింగులు మార్చేందుకైతే ‘ప్రైవేట్’. లోకమంతటికీ తెలిసిన తాళాలివి! పైగా ఆ పదం ఏ ముసుగూ లేకుండా నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తుంది. 2002లో ప్రమాణంగా స్థిరపడిన మూడో వెర్షన్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో పాటు సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చే ఏర్పాటూ ఉంది.

పెట్టేటప్పుడు ఇవి మరవొద్దు...

* యాక్సెస్ పాయింట్ సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ ఆన్ చేసి, మూడో వెర్షన్ ఎంచుకోవాలి.

* చదివే అనుమతి చాలు, మార్చే అనుమతి వద్దు.

* నిఘా కంప్యూటర్ ఐపీ అడ్రస్‌కే జవాబిచ్చేలా కట్టడి చేయాలి.

* యూడీపీ 161 పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉండకూడదు.

మరి ఇంట్లో రూటర్‌కి? చాలావాటిలో ఈ సదుపాయమే ఉండదు. ఉండి, వాడనప్పుడు ఆపేయడమే మేలు. అడిగేవాళ్లే లేని ఇంట్లో జవాబు చెప్పే కిటికీ తెరిచి ఉంచడం ఎందుకు?