నెలకు ఐదు వందల క్రిప్టో: కట్టే ముందు మన లెక్క



దీపావళి బోనస్ చేతికి వచ్చే రోజుల్లో యూనియన్ ఆఫీసులో వినిపించే మాటలు ఏటా ఉండేవే. పాత బాకీ తీర్చాలా, బిడ్డ పెళ్లికి భిశీ వేయాలా, ఇంటికి రేకులు మార్చాలా? ఈ మధ్య వాటికి ఇంకొక ప్రశ్న తోడైంది. "బిట్‌కాయిన్‌లో నెలకు ఐదు వందలు పెడితే ఎట్లుంటది?" అని సాంచాల మీద పనిచేసే యువకులు అడుగుతున్నారు. అది జూదమని పెద్దవాళ్లు కొట్టిపారేస్తున్నారు. కొట్టిపారేసినంత మాత్రాన ప్రశ్న పోదు. ప్రతి జేబులోనూ ఫోన్ ఉంది. అడగకుండానే కట్టేవాళ్లు కడతారు. అందుచేత ఈ సంచికలో ఆ లెక్కను మీ ముందు పెడుతున్నాము.

ముందు సరుకు ఏమిటో చూద్దాం. బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. దాన్ని ఏ ప్రభుత్వమూ ముద్రించదు. లోకమంతటా ఉన్న కంప్యూటర్లలో ఎవరి వద్ద ఎంత ఉందో రాసిపెట్టే ఒక పద్దు అది. మొత్తం 2 కోట్ల 10 లక్షల కాయిన్లకు మించి పుట్టకూడదన్నది దాని నియమం. ఒక్కొక్క కాయిన్‌ను 10 కోట్ల ముక్కలుగా చేయవచ్చు. కాబట్టి వంద రూపాయలకు కూడా ఒక చిన్న ముక్క దొరుకుతుంది. మనం నేసే చాదర్‌కు నూలు, రంగు, కరెంటు, కూలి కలిసి ఒక ఖరీదు పడుతుంది. బిట్‌కాయిన్‌కు అటువంటి ఖరీదు కట్టే వీలు లేదు. రేపు కొనేవాడు ఎంత ఇస్తే అంతే దాని ధర.

కొనడం నేరమా అని కొందరి భయం. నేరం కాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకుల సేవలు అందకుండా ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అయితే ఇది చలామణీ డబ్బు కాదు. బ్యాంకులో వేసిన సొమ్ముకు 5 లక్షల వరకు బీమా ఉంది. క్రిప్టోకు ఒక్క రూపాయి బీమా కూడా లేదు.

ఇక నెలనెలా కొద్దికొద్దిగా పెట్టే పద్ధతి. భిశీ కట్టినవాళ్లకు ఇది తేలికగానే అర్థమవుతుంది. ఒక కాయిన్ ధర మొదటి నెల 100, రెండో నెల 50, మూడో నెల 80 రూపాయలు అనుకోండి. నెలకు 500 చొప్పున కొన్నవాడికి 5, 10, ఆరుంపావు, మొత్తం ఇరవై ఒకటింపావు కాయిన్లు వస్తాయి. పెట్టింది 1,500, మూడో నెల ధరకు దాని విలువ 1,700. మొదటి నెలలోనే 1,500 మొత్తం పెట్టినవాడికి 15 కాయిన్లే వస్తాయి; వాటి విలువ 1,200. ధర పడినప్పుడు అదే ఐదు వందలకు ఎక్కువ సరుకు వస్తుంది. ఈ పద్ధతిలోని మేలు ఇదే. ఇందులో మోసం లేదు.

కానీ పడిన ధర మళ్లీ లేస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. 2021 నవంబరులో దాదాపు 69,000 డాలర్లు ఉన్న బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16,000 దగ్గరికి పడింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. ఓపిక పట్టినవాడు బాగుపడ్డాడు, నిజమే. ఓపిక ఎవడు పట్టగలడు? కార్ఖానా మూతపడి మూడు నెలలు పగారు లేనివాడు, ఇంట్లో ఆపరేషన్ వచ్చినవాడు ఆ పావలా ధరకే అమ్ముకోవాలి. పైగా లేవని కాయిన్లూ ఉన్నాయి. 2022 మే మొదట్లో 80 డాలర్ల పైన పలికిన లూనా వారం పది రోజుల్లో పైసాకు కొరగాకుండా పోయింది. అటువంటిదానిలో నెలనెలా కడితే నెలనెలా పోగొట్టుకోవడమే.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతున్నాయి. 10,000 లాభం వస్తే 3,120 రూపాయలు పోతాయి. ఒక కాయిన్‌లో 10,000 లాభం, ఇంకొక కాయిన్‌లో 10,000 నష్టం వచ్చిందనుకోండి. మన లెక్కకు చేతికి వచ్చింది సున్నా. సర్కారు లెక్కలో ఆ నష్టం చెల్లదు, 3,120 కట్టాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఐదు వందలు మిగిలితే ముందు ఎక్కడికి పోవాలి?

మొదటిది అప్పు. సావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 20,000 బాకీకి నెలకు 600 వడ్డీకే పోతుంది. ఆ బాకీ అట్లాగే ఉంచి క్రిప్టోలో పెట్టినవాడికి, పన్ను పోగా ఆ వడ్డీకి సరితూగాలంటే ఏడాదికి 52 శాతం లాభం రావాలి. బాకీ తీర్చినవాడికి ఆ 36 శాతం ఏ దిగులూ లేకుండా మిగులుతుంది.

రెండోది ఆపద సొమ్ము. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు చేతికి అందేచోట ఉండాలి. పోస్టాఫీసు ఆర్డీ నెలకు 100 రూపాయలతోనూ మొదలవుతుంది. 2023 అక్టోబరులో నిర్ణయించిన 6.7 శాతం వడ్డీ ప్రకారం నెలకు 500 చొప్పున ఐదేళ్లు కడితే, కట్టిన 30,000కు దాదాపు 35,680 వస్తుంది. బీడీలు చుట్టే అక్కలు, కండెలు చుట్టే తల్లులు తమ పేరు మీదే పుస్తకం తీసుకోవాలని మేము కోరుతున్నాము.

మూడోది పీఎఫ్. ఇది అందరికన్నా ఎక్కువగా మరచిపోతున్నది మనమే. 10,000 పగారు మీద కార్ఖానాదారు తన వంతుగా నెలకు 1,200 రూపాయలు కట్టాలి. అందులో కొంత పింఛనుకు పోతుంది, మిగతాది మన పేరున నిలువ ఉంటుంది. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద చూపించి, ఇరవై మంది లెక్క తేలకుండా చేసే కార్ఖానాలు మనకు తెలియనివి కావు. అక్కడ ప్రతి నెలా మన 1,200 పోతున్నాయి. పోతున్న 1,200 అడగకుండా, ఉన్న 500 పట్టుకుని లాభాలు వెతకడం ఏమి లెక్క?

ఈ మూడూ అయ్యాక కూడా ఎవరికైనా ఆసక్తి ఉంటే మేము వద్దనము. అటువంటివాళ్లు నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టాలి. ఆ వంద మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి ఆగకూడదు. అప్పు తెచ్చి, తాళి కుదువబెట్టి, బోనస్ మొత్తం గుమ్మరించి పెట్టరాదు. కొనే సంస్థ కేంద్ర ఆర్థిక శాఖ కింది ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదై ఉందో లేదో చూసుకోవాలి. నమోదు ఉన్నా అది పూచీ కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో దొంగతనం జరిగింది. ఖాతాదారులు తమ క్రిప్టోను ఏడాదికి పైగా బయటికి తీసుకోలేకపోయారు. ప్రతి కొనుగోలు, అమ్మకం ఒక పుస్తకంలో తేదీతో రాసుకోవాలి. ఓటీపీ గానీ, పిన్ గానీ సొంత తమ్ముడు అడిగినా చెప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యం: ఇంటికి వచ్చి చేర్పించేవాడి చేతికి డబ్బు ఇవ్వవద్దు. "నెలకు నూటికి పది గ్యారంటీ, ఇద్దరిని చేర్పిస్తే కమీషన్" అన్నవాడు కాయిన్ అమ్మడం లేదు; వెనక వచ్చినవాడి సొమ్ము ముందు వచ్చినవాడికి పంచుతున్నాడు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని జనాన్ని చేర్చుకుంది. దాని కర్త అమిత్ భరద్వాజ్‌ను 2018లో పుణె పోలీసులు అరెస్టు చేశారు. 2025 ఫిబ్రవరిలో కూడా సీబీఐ ఆ కేసులో సోదాలు చేస్తూనే ఉంది. ఇన్నేళ్లయినా కేసు నడుస్తూనే ఉందంటే, పోయిన సొమ్ము తిరిగి రావడం ఎంత కష్టమో ఊహించుకోండి.

మోసం జరిగిందని తెలిసిన గంటలోనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. సోలాపూర్ కార్మికులకు ఈ నంబరు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. మన మిల్లు కార్మికులు కదిలినందుకు తెల్లవాడు మన ఊళ్లో మార్షల్ లా పెట్టిన ఏడాది అదే.

పగారు చాలక, ముసలితనానికి భరోసా లేక మన పిల్లలు ఫోన్‌లో అదృష్టం వెతుక్కుంటున్నారు. తప్పు వాళ్లదే అనలేము. పూచీ లేని కాయిన్ కన్నా చట్టం పూచీ ఉన్న పీఎఫ్ ముందు రావాలి. మీ పీఎఫ్ నంబరు ఉందా, ప్రతి నెలా జమ అవుతున్నదా? తెలియనివాళ్లు పగారు చీటీ, ఆధార్ కార్డు పట్టుకుని యూనియన్ ఆఫీసుకు రండి. చూసి చెబుతాము. జమ కాకపోతే అందరం కలిసి అడుగుదాం.